1952 షెవర్లే పికప్‌కి ఏ వైరింగ్ కిట్ వేయాలి? ముందు పాతదాన్ని పారేయకండి

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. మీది గుంటూరు. మీ తాతగారు పొగాకు వ్యాపారానికి వాడిన 1952 షెవర్లే 3100 పికప్ ఇరవై ఏళ్ళుగా షెడ్డులో ఉండిపోయింది. ఇప్పుడు ఇంజన్ తిరిగింది, టింకరింగ్, పెయింటు అయిపోయాయి, వైరింగ్ దగ్గర పని ఆగింది. అమెరికా నుంచి ఆ మోడల్‌కే తయారుచేసిన హార్నెస్ (బండి వైర్లన్నీ కలిపి అల్లిన కట్ట) తెప్పించాలా, ఏ బండికైనా వేసుకునే ఇరవై సర్క్యూట్ల యూనివర్సల్ కిట్ కొనాలా, లేక ఇక్కడే కొత్తగా అల్లించాలా అని అడిగారు. బండిని పండక్కి ఊరికి, పెళ్ళిళ్ళకి తిప్పుతామని, రాత్రిళ్ళు కూడా నడుపుతామని రాశారు. చివర్లో ఒక ముక్క రాశారు చూడండి, పాత వైరింగ్ ఎలుకలు కొట్టేసి ఉంది, మెకానిక్ దాన్ని కోసి పారేద్దామంటున్నాడని. నా సమాధానం అక్కడే మొదలవుతుంది. ఇప్పుడే ఆయనకి ఫోన్ చేసి ఆపండి, తమ్ముడూ. ఆ ఎలుకలు కొట్టిన వైరింగే మీకు కావలసిన నమూనా. అది పోతే మీ బండి కొలతలు ఇంకెక్కడా దొరకవు.

నేను విజయవాడ ఆటోనగర్‌లో 1986 నుంచి ఆటో ఎలక్ట్రికల్ పని చేస్తున్నాను. లారీలు, జీపులు, అంబాసిడర్లు ఎక్కువ. పాత అమెరికన్ బండ్లు అప్పుడప్పుడు వస్తుంటాయి, వచ్చినప్పుడు మాత్రం వారాల తరబడి షెడ్డులోనే ఉంటాయి. అందుకని తెలిసింది కొంచెం వివరంగానే చెబుతాను.

కొలతలు ఎందుకు దొరకవంటున్నానో ముందు చెప్పాలి. మీ బండి కుడిచేతి స్టీరింగ్ అని ఫొటోలో కనపడుతోంది. జనరల్ మోటార్స్ వాళ్ళు 1928 నుంచి 1954 వరకు బొంబాయి సెవ్రీలో షెవర్లే బండ్లు బిగించేవారు. మన రోడ్లకి తగ్గట్టు స్టీరింగ్ కుడివైపు పెట్టారు. ఇప్పుడు అమెరికాలో మీ మోడల్ పేరు మీద అమ్మే హార్నెస్ అంతా అక్కడి ఎడమచేతి స్టీరింగ్ బండికి కొలిచి అల్లినది. కేటలాగులో సంవత్సరం సరిపోతుంది, మోడల్ సరిపోతుంది, ఫొటో చూస్తే ముచ్చటగా ఉంటుంది. వచ్చాక బిగించబోతే లైట్ స్విచ్‌కి వెళ్ళే పాయ పొట్టి పడుతుంది, ఇంకోవైపు అక్కరలేని చోట రెండడుగులు మిగులుతుంది. బ్రేక్ లైట్ స్విచ్ ఉండేది పెడల్ దగ్గర కాబట్టి దాని వైరూ అందదు.

నా దగ్గరికి ఇలాంటి బండి ఒకటి వచ్చింది. యజమాని బయటినుంచి కిట్ తెప్పించి, ఇంకో షెడ్డులో బిగించుకున్నాడు. మీటర్ బోర్డు వెనక చూస్తే పదకొండు చోట్ల వైరు కోసి అతుకులు వేసి ఉన్నాయి. అంత డబ్బు పోసి కొన్న కొత్త హార్నెస్‌లో పదకొండు అతుకులు! ఒక్కో అతుకూ ఎప్పుడో ఒకరోజు వదులై వేడెక్కేదే. కిట్‌లో తప్పు లేదు, అది చాలా నాణ్యమైన సరుకు. బండి వేరు, అంతే.

కాబట్టి మీరు ఏది కొనాలో తేల్చేది కేటలాగు కాదు. మూడు సంగతులు మీరు ముందు తేల్చుకోవాలి. కరెంటు 6 వోల్టులా 12 వోల్టులా, బ్యాటరీ ఛార్జింగ్‌కి పాత డైనమో ఉంచుతారా కొత్తరకం ఆల్టర్నేటర్ పెడతారా, బండిలో మొత్తం ఎన్ని లైట్లు, ఎన్ని స్విచ్‌లు ఉంటాయి. ఇవి తేలకుండా హార్నెస్ కొనడమంటే ఇంటి ప్లాను గీయకుండా కిటికీలు చేయించడమే.

మొదటిదాని గురించి కాస్త ఎక్కువ మాట్లాడాలి. మీ షెవర్లే పుట్టుకతో 6 వోల్టుల బండి, నెగటివ్ ఎర్త్, అంటే బ్యాటరీ నెగటివ్ కొసని బాడీకి కలిపినది. అదే కాలపు ఫోర్డు, డాడ్జి బండ్లు పాజిటివ్ ఎర్త్, అందుకని వాటి గురించి ఎవరైనా చెప్పిన సలహా మీ బండికి వాడకండి. షెవర్లే పికప్‌లు 1955 మధ్యలో కొత్త మోడల్ వచ్చినప్పుడు 12కి మారాయి. 6 వోల్టులంటే తక్కువ వోల్టేజీ కదా, వైరు సన్నగా ఉన్నా పరవాలేదని చాలామంది అనుకుంటారు. అసలు సంగతి దానికి పూర్తిగా తిరగబడి ఉంటుంది. 50 వాట్ల హెడ్‌లైటు 12 వోల్టుల మీద 4 ఆంపియర్లు చిల్లర లాగుతుంది. అదే 50 వాట్లు 6 వోల్టుల మీద 8 ఆంపియర్లు పైనే. రెండు లైట్లకీ కలిపి 17 ఆంపియర్ల దాకా వెళ్తుంది. వైరు దాదాపు రెండింతలు లావుండాలి.

ఇది కాగితం మీద లెక్క కాదు, రోడ్డు మీద కంటికి కనపడే తేడా. స్విచ్ దగ్గర్నుంచి లైట్ల దాకా 3 మీటర్లు వైరు వెళ్ళిందనుకోండి. 1.5 చదరపు మిల్లీమీటర్ల వైరు వేస్తే, 17 ఆంపియర్లకి దారిలోనే 0.6 వోల్టుల పైన పోతుంది. 6లో 0.6 అంటే పదో వంతు. బల్బుకి వోల్టేజీ పదో వంతు తగ్గితే వెలుగు పదో వంతు తగ్గి ఊరుకోదు, దాదాపు మూడో వంతు పోతుంది. లైట్లు ఎర్రగా, దీపాల్లా వెలుగుతాయి. '6 వోల్టుల లైట్లు ఇంతేనండి' అని మనవాళ్ళు సర్ది చెబుతారు. తప్పు 6 వోల్టులది కాదు, సన్న వైరుది. అక్కడే 4 చదరపు మిల్లీమీటర్ల వైరు వేసి చూడండి, పోయేది పావు వోల్టు మాత్రమే. ఇక 12 వోల్టుల బండిలో అయితే ఆ 1.5 వైరే హాయిగా సరిపోతుంది, పోయేది వందకి మూడు వంతులు.

దీన్నిబట్టి ఒక ఉపాయం చెబుతాను. 6కి అల్లిన హార్నెస్ 12కి పనికొస్తుంది. 12కి అల్లింది 6కి పనికిరాదు. ఏదీ ఇప్పుడే తేల్చుకోలేకపోతే లావు వైరుతో అల్లించుకోండి, తర్వాత ఎటైనా వెళ్ళొచ్చు. రాగి ఖర్చు కొంత పెరుగుతుంది, కానీ పని రెండోసారి చేయించే ఖర్చుతో పోలిస్తే అది లెక్కలోకి రాదు.

మీరు రాత్రిళ్ళు నడుపుతామన్నారు, కుటుంబాన్ని ఎక్కించుకుంటారు. కాబట్టి నా సలహా 12 వోల్టులు. 6 వోల్టుల పెద్ద బ్యాటరీ మన చుట్టుపక్కల దొరకడం కష్టం. బల్బులు, ఫ్లాషర్, హారన్ ఏది పోయినా దారిలో ఏ షాపులోనూ ఉండవు. 12 అయితే మంగళగిరిలో అయినా చిలకలూరిపేటలో అయినా ఆదివారం కూడా బల్బు దొరుకుతుంది. మీ బండి హెడ్‌లైటు 7 అంగుళాల గుండ్రటిది, అంబాసిడర్‌కీ మహీంద్రా జీపుకీ వచ్చిన కొలతే. హెచ్4 బల్బు వేసే గ్లాసు మన దగ్గరే దొరుకుతుంది. మారిస్తే బల్బులన్నీ, హారన్, ఇగ్నిషన్ కాయిల్ మారాలి. పెట్రోలు ముల్లుకి వోల్టేజీ తగ్గించే చిన్న రెగ్యులేటర్ పెట్టాలి, లేకపోతే మీటరు కాలిపోతుంది. సెల్ఫ్ మోటార్ మాత్రం పాతదే ఉంచొచ్చు. కాలితో తొక్కే సెల్ఫ్ కదా మీది, ఇంజన్ అందుకోగానే కాలు తీసేస్తే 12 మీద కూడా ఏళ్ళ తరబడి నడుస్తుంది. ఊరికే తొక్కిపట్టి ఉంచకూడదు. వైపర్ మీ బండిలో ఇంజన్ వ్యాక్యూమ్ మీద తిరిగేది, దానికి కరెంటుతో పని లేదు.

బండిని ప్రదర్శనలకి తీసుకెళ్ళాలని, ప్రతిదీ ఆ రోజు ఫ్యాక్టరీలోంచి వచ్చినట్టే ఉండాలని మీ మనసులో ఉంటే 6లోనే ఉండండి. అదీ గౌరవమైన దారే. 2021లో కేంద్రం 50 ఏళ్ళు దాటిన బండ్లకి వింటేజ్ రిజిస్ట్రేషన్ నిబంధనలు తెచ్చింది, నంబరులో 'వీఏ' అక్షరాలు వస్తాయి. చాసిస్, బాడీ, ఇంజన్ అసలు రూపంలో ఉండాలన్నది అందులో ముఖ్యం. ఆ దారిలో వెళ్ళేవాళ్ళు వైరింగ్ కూడా గుడ్డ అల్లికతోనే చేయించుకుంటే బండికి అందం వస్తుంది.

ఇక యూనివర్సల్ కిట్ సంగతి. ఇరవై సర్క్యూట్లంటే విని మురిసిపోకండి. మీ బండిలో కావలసినవి లెక్కపెడదాం రండి. హెడ్‌లైట్లు, పార్కింగూ వెనక లైట్లూ, బ్రేక్ లైట్లు, ఇండికేటర్లు, హారన్, ఇగ్నిషన్, మీటర్లు, లోపలి లైటు. ఎనిమిది. ఫోన్ ఛార్జింగ్‌కి ఒకటి, రేపటికి ఒకటి ఖాళీగా ఉంచుకుంటే పది. మిగతా పది సర్క్యూట్లు పవర్ విండోలకీ, ఏసీకీ, ఎలక్ట్రిక్ ఫ్యానుకీ, కరెంటు పెట్రోలు పంపుకీ. అవేవీ మీ బండిలో లేవు. ఆ వైర్లన్నీ మీటర్ బోర్డు వెనక చుట్టలు చుట్టి కుక్కాలి. అంత చిన్న క్యాబిన్‌లో అంత పెద్ద ఫ్యూజ్ బాక్స్ ఎక్కడ పెట్టినా కాలికి తగులుతుంది.

అయినా ఆ కిట్లలో మెచ్చుకోవలసిన గుణం ఒకటుంది. పెయిన్‌లెస్ లాంటి అమెరికన్ కంపెనీలు ప్రతి వైరు మీదా అది ఎక్కడికి వెళ్తుందో పొడవునా అచ్చు వేసి ఇస్తాయి. తొడుగు కూడా క్రాస్ లింక్డ్ పాలిథిలిన్, 125 డిగ్రీల దాకా తట్టుకుంటుంది. మామూలు పీవీసీ వైరు 70, 80 డిగ్రీలకే. మన దగ్గర మే నెలలో బయటే 45 దాటుతుంది, ఇంజన్ పక్కన సైలెన్సర్ మేనిఫోల్డ్ దగ్గర ఎంత ఉంటుందో మీరే ఊహించండి. ఎవరైనా పాత పికప్‌లో కొత్త ఇంజన్, ఏసీ అన్నీ పెట్టుకుంటే యూనివర్సల్ కిట్టే కొనమంటాను. మీకు మాత్రం వద్దు.

కాబట్టి మీకు నేను చెప్పేది మూడో దారి. పాతదాన్ని నమూనాగా పెట్టుకుని, లోపాలు సరిదిద్ది, ఇక్కడే కొత్తగా అల్లించుకోండి. ఇది చవక దారని చెప్పడం లేదు. మంచి వైరు, మంచి థింబుల్స్ (వైరు కొసకి నొక్కే లోహపు తొడుగులు) కొని, కుదురుగా పనిచేసే మనిషికి తగిన కూలి ఇస్తే ఖర్చు బాగానే అవుతుంది. కానీ చివరికి మీ బండి కొలతకి సరిపోయేది అదొక్కటే. గుడ్డ అల్లిక ఉన్న వైరు, ఆ కాలపు నమూనా కనెక్టర్లు, ఇంజన్‌కీ క్యాబిన్‌కీ మధ్య రేకులో పెట్టే రబ్బరు గ్రోమెట్లు అమెరికా నుంచి విడిగా తెప్పించుకోవచ్చు. చిన్న పార్సిలు కాబట్టి రవాణా, కస్టమ్స్ భారం మొత్తం కిట్‌కి అయినంత ఉండదు.

పాతదాన్ని ఎలా దింపాలో చెబుతాను, సగం పని అక్కడే ఉంది. బ్యాటరీ ఎలాగూ ఉండదు. ప్రతి వైరు కొసా విప్పేముందు కాగితపు టేపు అంటించి పేరు రాయండి. 'ఆమ్మీటర్ ఎడమ బోల్టు', 'లైట్ స్విచ్ పైనుంచి రెండోది' అని పూర్తిగా రాయాలి. నంబర్లు వేస్తే ఆ నంబర్ల కాగితం పోతుంది. ఫొటోలు తీయండి, వైరు రంగు మాసిపోయి ఉంటుంది కాబట్టి గోరుతో కాస్త గీకి అసలు రంగు కనపడేలా తీయండి. ఏదీ కోయకుండా హార్నెస్ మొత్తం ఒకే ముక్కగా బయటికి రావాలి. బోల్టు పట్టేస్తే ఒక రోజు ఆగి నూనె వేయండి కానీ వైరు కోయకండి.

దించినదాన్ని పెద్ద ప్లైవుడ్ షీటు మీద పరచండి. ఎలుకలు తినేసిన చోట ముక్కలు ఎదురెదురుగా చేర్చి ఉంచండి. ప్రతి పాయ చీలే చోటా రెండు వైపులా మేకులు కొట్టండి. ప్రతి కొస దగ్గరా ఒక మేకు కొట్టి, పక్కన పెన్నుతో అది ఎక్కడికి వెళ్తుందో, ఎంత లావో, ఏ థింబులో రాయండి. ఫ్యాక్టరీల్లో హార్నెస్ తయారయ్యేదీ ఇలాంటి బోర్డు మీదే. తర్వాత పాతది తీసేసి ఆ మేకుల మధ్య కొత్త వైర్లు ఒక్కొక్కటే పరుచుకుంటూ పోవడమే. ప్రతి కొస దగ్గరా రెండంగుళాలు ఎక్కువ వదలండి. పాత వైరు డెబ్బై ఏళ్ళకి గట్టిపడి ముడుచుకుని ఉంటుంది, దాని కొలతే తీస్తే కొత్తది బిగుతు పడుతుంది. మా షెడ్డులో అలాంటి బోర్డు ఒకటి ఇప్పటికీ గోడకి ఆనించి ఉంది, ఒక పాత జీపుది. అదే మోడల్ జీపు వచ్చినప్పుడల్లా దాన్ని దించుతాం.

బోర్డుని ఫ్యాక్టరీ డయాగ్రంతో పోల్చి చూడాలి. డెబ్బై ఏళ్ళలో ఎంతమంది చేతులు పడ్డాయో! ఎవరో హారన్‌కి అడ్డదారిలో తీసిన వైరు కూడా మీ నమూనాలో ఉంటుంది, దాన్ని కొత్తదాంట్లోకి మోసుకురాకూడదు. జనరల్ మోటార్స్ హెరిటేజ్ సెంటర్ వాళ్ళు పాత మోడళ్ళ సమాచార పుస్తకాలు ఇంటర్నెట్‌లో ఉచితంగా పెట్టారు. ఆ కాలపు షాప్ మాన్యువల్‌లో వైరింగ్ బొమ్మ కూడా ఉంటుంది. ప్రింటు తీయించి బోర్డు పక్కన అంటించుకోండి. బొమ్మలో స్టీరింగ్ ఎడమన ఉంటుంది. కనెక్షన్లు దాన్ని చూసి, పొడవులు మీ పాతదాన్ని చూసి తీసుకోవాలి. రెండూ కావలసింది అందుకే.

సరిదిద్దమన్న లోపాల్లో మొదటిది ఫ్యూజులు. ఆ రోజుల్లో బండి మొత్తానికి ఒకటో రెండో రక్షణలు ఉండేవి. బ్యాటరీ కేబుల్ సెల్ఫ్ మోటార్ స్విచ్ దగ్గరికి వచ్చి, ఆ బోల్టు మీదనుంచే బండంతటికీ కరెంటు ఒక వైరులో ఆమ్మీటర్‌కి (కరెంటు ఎంత వెళ్తోందో చూపే మీటరుకి) వెళ్తుంది. ఆ వైరుకి ఏ ఫ్యూజూ లేదు. అది రేకుకి తగిలితే బ్యాటరీలో ఉన్న శక్తంతా ఆ వైరులోనే మండుతుంది.

1993లో నేను ఒక జీపుకి వైరింగ్ పూర్తిగా మార్చాను. పాతదాంట్లో మెయిన్ ఫ్యూజు లేదు కాబట్టి నేనూ వేయలేదు. నాలుగు నెలలకి రాత్రిపూట కాజ దగ్గర డ్యాష్‌బోర్డులోంచి పొగ వచ్చింది. రేకు కన్నంలో గ్రోమెట్ జారిపోయి వైరు ఒరుసుకుంది. డ్రైవరు బానెట్ ఎత్తి బ్యాటరీ టెర్మినల్ పీకేసరికి అరచెయ్యి కాలింది. మనిషి బతికాడు, బండి మిగిలింది. ఆ తప్పు నాదే. ఆ రోజు నుంచి మెయిన్ ఫ్యూజు లేకుండా ఒక్క బండి కూడా నా చేతిమీదుగా బయటికి వెళ్ళలేదు.

సెల్ఫ్ మోటార్‌కి వెళ్ళే లావు కేబుల్‌కి తప్ప మిగతా ప్రతిదానికీ కరెంటు ఫ్యూజు దాటే వెళ్ళాలి. మెయిన్ ఫ్యూజు కరెంటు బయల్దేరే బోల్టు నుంచి జానెడు దూరంలోపే ఉండాలి. ఎందుకంటే ఆ జానెడుకి రక్షణ ఉండదు. ఫ్యూజు సైజు బల్బుని బట్టి కాదు, వైరుని బట్టి పెట్టాలి. 1 చదరపు మిల్లీమీటరుకి 10 ఆంపియర్లు, 1.5కి 15, 2.5కి 20, 4కి 30 మించి వేయను. ఫ్యూజు మాటిమాటికీ పోతోందని పెద్దది వేస్తే ఇక ఫ్యూజుగా పనిచేసేది వైరే. ఫ్యూజ్ బాక్స్ పాత అందానికి అడ్డం అనిపిస్తే గ్లవ్ బాక్స్ లోపల కానీ సీటు కింద కానీ పెట్టించండి, ఎవరికీ కనపడదు.

రెండోది ఆమ్మీటర్. మీ బండిలో ఛార్జింగ్ కరెంటంతా డ్యాష్‌బోర్డు దాకా వచ్చి ఆమ్మీటర్ గుండా వెళ్తుంది. ముల్లు చూస్తే 30 దాకా అంకెలుంటాయి. పాత డైనమోకి అది సరిపోయింది. దాని స్థానంలో 60, 70 ఆంపియర్ల ఆల్టర్నేటర్ పెట్టి, బ్యాటరీ దిగిపోయిన రోజున తోసి స్టార్ట్ చేస్తే ఆ కరెంటంతా ఆ చిన్న మీటరు బోల్టుల మీద పడుతుంది. మీకు అంత ఆల్టర్నేటర్ అక్కరలేదు కూడా. రాత్రి నడిపేటప్పుడు 60 వాట్ల హెడ్‌లైట్లు రెండింటికి 10 ఆంపియర్లు, చిన్న లైట్లకి 2, కాయిల్‌కి 4, మీటర్లకి 1. మొత్తం 17. బ్రేకు, ఇండికేటరు, హారన్ అన్నీ ఒక్కసారి పడినా 32 దాటదు. 35 నుంచి 45 ఆంపియర్ల ఆల్టర్నేటర్ చాలు. దాని ఛార్జింగ్ వైరు 6 చదరపు మిల్లీమీటర్లది, విడిగా ఫ్యూజు పెట్టి, నేరుగా బ్యాటరీ బోల్టుకి తీసుకెళ్ళండి. ఆమ్మీటర్ అందం కోసం అక్కడే ఉంటుంది, కింద చిన్న వోల్ట్‌మీటర్ పెట్టుకోండి. 6లోనే ఉండి డైనమో, బ్యాటరీ కరెంటు దాంట్లోకి వెనక్కి పోకుండా ఆపే కటౌట్ ఉంచుకుంటే ఆమ్మీటర్‌ని కదపనక్కరలేదు. అప్పుడు బ్యాటరీ కేబుల్ మాత్రం 50 చదరపు మిల్లీమీటర్లది వేయాలి. మామూలు 12 వోల్టుల కారు కేబుల్ వేస్తే సెల్ఫ్ బద్ధకంగా తిరుగుతుంది, మోటార్ పాడైందని విప్పుతారు.

మూడోది ఎర్త్. కొత్తగా పెయింటు వేసిన ప్రతి బండికీ వచ్చే జబ్బు ఇదే. ఆ కాలంలో కరెంటు తిరిగి వెళ్ళే దారి బాడీ రేకు. ఇప్పుడు ప్రతి రేకుకీ, ప్రతి బోల్టు కిందా పెయింటు పొర ఉంది. మీ పికప్ వెనక తొట్టి అడుగు చెక్కపలకలు, వాటిని నమ్ముకుంటే వెనక లైట్లకి ఎర్త్ ఎప్పుడు ఉంటుందో ఎప్పుడు పోతుందో తెలియదు. కుడి ఇండికేటర్ వేస్తే ఎడమ లైటు మినుకుమంటోందని వచ్చే బండ్లలో ఎక్కువ వాటికి రోగం ఎర్త్‌దే. ప్రతి లైటుకీ హార్నెస్‌లోనే విడిగా నల్ల వైరు తీసి చాసిస్ మీద రెండు చోట్ల కలపండి. ఇంజన్ నుంచి చాసిస్‌కి, చాసిస్ నుంచి క్యాబిన్‌కి అల్లిన రాగి పట్టీలు వేయండి. బోల్టు చోట పెయింటు మెరిసే రేకు కనపడేదాకా గీకి, బిగించాక పైన గ్రీజు రాయండి.

ఇండికేటర్లు మీ బండికి మొదట్లో వచ్చి ఉండవు. రేపు బ్రేక్ ఇన్‌స్పెక్టర్ ముందు పెట్టాలంటే కావాలి, అంతకన్నా మన హైవే మీద ప్రాణానికి కావాలి. అల్లేటప్పుడే వాటి వైర్లు లోపల వేయించేయండి.

వైరు కొనేటప్పుడు ఇంటి వైరు అంటగట్టనివ్వకండి. మోటారు బండ్ల వైరుకి ఐఎస్ 2465 అని వేరే ప్రమాణం ఉంది, చుట్ట మీద అది చూడండి. ఈ మధ్య అల్యూమినియం మీద రాగి పూత పూసిన వైరు బజార్లో తిరుగుతోంది. కోసి ఒక పోగుని బ్లేడుతో గీకండి, లోపల తెల్లగా కనపడితే అదే. ఇంకా నమ్మకం కావాలంటే 1 చదరపు మిల్లీమీటరు వైరు 10 మీటర్లు తీసుకుని, దాని గుండా 55 వాట్ల బల్బు వెలిగించి, వైరు రెండు కొసల మధ్య వోల్టేజీ కొలవండి. మంచి రాగి అయితే 0.8, 0.9 వోల్టులు చూపిస్తుంది. 1.2 దాటితే ఆ చుట్ట వెనక్కి ఇచ్చేయండి.

రంగుల విషయం తేలికే. అమెరికన్ రంగులు మీ డయాగ్రంలో ఉంటాయి, దొరికితే అవే వేయండి. దొరక్కపోతే మన అంబాసిడర్ పద్ధతి వేయండి, ఇక్కడి ప్రతి ఎలక్ట్రీషియన్‌కీ అది నోటికి వచ్చు. గోధుమ రంగు బ్యాటరీది, తెలుపు ఇగ్నిషన్‌ది, నీలం హెడ్‌లైటుది, ఎరుపు చిన్న లైట్లది, ఆకుపచ్చ ఇగ్నిషన్ తర్వాత ఫ్యూజు దాటి వచ్చేది, నలుపు ఎర్త్. ఏ పద్ధతి పట్టుకున్నా బండంతా అదే ఉండాలి. చేతికి ఏ చుట్ట అందితే అది వేస్తే పదేళ్ళ తర్వాత ఎవరికీ అంతుచిక్కదు.

కొసల విషయంలో ఒక్క మాట. వైరు మెలితిప్పి టేపు చుట్టే పని ఒక్క చోట కూడా ఒప్పుకోకండి. థింబుల్‌ని కటింగ్ ప్లయర్‌తో నొక్కడం కాదు, క్రింపింగ్ టూల్‌తోనే నొక్కాలి, పైన జిగురున్న హీట్ స్లీవ్ వేయాలి. టంకం పెడితే ఇంకా గట్టి కదా అంటారు. టంకం వైరులోకి పాకి ఆ ముక్క పుల్లలా బిగుసుకుంటుంది, బండి అదురుకి సరిగ్గా అక్కడే విరుగుతుంది. హార్నెస్ పైన చుట్టడానికి పీవీసీ టేపు వద్దు. రెండు ఎండాకాలాలకి జిగురు కారి చేతికి అంటుకుంటుంది. గుడ్డ టేపు కానీ నూలు అల్లిక కానీ వేయించండి. రేకు కన్నాలన్నింటికీ గ్రోమెట్లు ఉండాలి, మేనిఫోల్డ్‌కి బెత్తెడు కన్నా దగ్గరగా ఏ పాయా వెళ్ళకూడదు. షెడ్డులో ఎలుకలు ఇంకా ఉంటే వాటి సంగతి ఈ పని మొదలుపెట్టకముందే చూసుకోండి.

అంతా బిగించాక బ్యాటరీ నేరుగా కలపకండి. నెగటివ్ కేబుల్‌కీ బ్యాటరీకీ మధ్య 21 వాట్ల బల్బు ఒకటి పెట్టండి. అన్ని స్విచ్‌లూ ఆపి ఉన్నప్పుడు ఆ బల్బు వెలగకూడదు. వెలిగిందంటే ఎక్కడో వైరు రేకుకి తగులుతోంది, లేదా ఆల్టర్నేటర్ తప్పుగా కలిపారు. బల్బు ఉంది కాబట్టి ఏదీ కాలదు, నింపాదిగా వెతకొచ్చు. ఆరి ఉంటే ఒక్కో స్విచ్ వేసి చూడండి, వేసినప్పుడు బల్బు వెలిగి, ఆపినప్పుడు ఆరాలి. అన్నీ సరిపోయాకే బల్బు తీసి కేబుల్ బిగించండి. సెల్ఫ్ ఆ తర్వాతే తొక్కాలి.

హార్నెస్ దించి ప్లైవుడ్ మీద పరిచాక పైనుంచి ఒక ఫొటో తీయండి, పక్కన టేపు కొలత కూడా కనపడాలి. ఆమ్మీటర్ వెనక బోల్టులది, లైట్ స్విచ్ వెనక టెర్మినళ్ళది దగ్గరగా ఒక్కొక్క ఫొటో. అవి ఇక్కడ పెడితే ఏ పాయకి ఎన్ని మీటర్లు, ఏ సైజు వైరు, ఎన్ని థింబుల్స్ కొనాలో చీటీ రాసిస్తాను. ఆ చీటీ పట్టుకుని మీరు ఆటోనగర్‌కి రావచ్చు, గుంటూరులోనే కొనుక్కున్నా సరే.